మాటకు తోడు మాట

పాఠ్యాంశ పరిచయం

ఒక భాషలోని పదాలన్నీ నిఘంటువులో ఒంటరిగా కనిపిస్తాయి. వాడుకలో మాత్రం అవి తోడు లేకుండా నిలవవు. ఏ విశేషణం ఏ నామవాచకంతో కలుస్తుందో, ఏ పేరు ఏ క్రియను కోరుకుంటుందో తెలిసినవారికే ఆ భాష పట్టుబడుతుంది. నిత్యం వినిపించే ‘హెవీ’ అనే ఆంగ్ల విశేషణాన్ని ఆధారంగా తీసుకొని, పదాల చెలిమిని గురించి ఈ పాఠం వివరిస్తుంది. తూర్పు కనుమల నడుమనున్న జి.మాడుగుల మన్యంలో ఈ విషయం ఎందుకు ప్రాణావసరమో కూడా తెలుపుతుంది.

ఒక అనువాదం – నాలుగు వాక్యాలు

అల్లూరి సీతారామరాజు జిల్లా జి.మాడుగులలోని ఒక జూనియర్ కళాశాల తరగతి గదిని ఊహించుకొందాం. శ్రావణ మాసం. బయట ముసురు పట్టింది. కిటికీలోంచి చూస్తే ఎదుటి కొండ కనిపించడం లేదు. అధ్యాపకుడు నల్లబల్ల మీద నాలుగు ఆంగ్ల పదబంధాలు వ్రాసి, వాటిని తెలుగులోకి మార్చమన్నాడు. అవి: హెవీ బ్యాగ్, హెవీ రెయిన్, హెవీ స్లీపర్, హెవీ హార్ట్.

ఒక విద్యార్థి నిఘంటువు తెరిచాడు. ‘హెవీ’ అన్న చోట ‘బరువైన’ అని ఉన్నది. ఇక సందేహం లేకుండా ‘బరువైన సంచి, బరువైన వర్షం, బరువైన నిద్రపోతు, బరువైన హృదయం’ అని వ్రాశాడు. మరొక విద్యార్థిని వార్తలు శ్రద్ధగా వినే అలవాటు గలది. ఆమె ‘భారీ సంచి, భారీ వర్షం, భారీ నిద్రపోతు, భారీ హృదయం’ అని వ్రాసింది. తరగతి అంతా నవ్వింది. అధ్యాపకుడు నవ్వలేదు. ‘మీ ఇద్దరూ అర్థం తెలియక తప్పు చేయలేదు. పదాల స్నేహం తెలియక చేశారు’ అన్నాడు.

ఆ మాటలో గంభీరమైన సత్యం ఉన్నది. మొదటి విద్యార్థి సంచి విషయంలోనూ, హృదయం విషయంలోనూ సరిగానే వ్రాశాడు. రెండవ విద్యార్థిని వర్షం విషయంలో సరిగా వ్రాసింది. అంటే ఒకే ఆంగ్ల పదానికి తెలుగులో ఒక సమానార్థకం సరిపోలేదు. నిద్రపోతు దగ్గర రెండూ పనికిరాలేదు. అక్కడ మన భాష ‘మొద్దు నిద్ర’ అనే వేరొక జంటను సిద్ధంగా ఉంచుకున్నది. ఇలా ఎందుకు జరుగుతుంది? ఈ ప్రశ్నకు సమాధానమే ఈ పాఠం.

పదసాహచర్యం

కొన్ని పదాలు మళ్ళీ మళ్ళీ కలిసి ప్రయోగింపబడడాన్ని పదసాహచర్యం అనవచ్చు. సహచరులు అంటే కలిసి నడిచేవారు. మనుషుల విషయంలో ‘స్నేహితుణ్ణి బట్టి మనిషిని తెలుసుకో’ అని పెద్దలు చెబుతారు. పదాల విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుందని ఇరవయ్యో శతాబ్దిలో స్పష్టంగా ప్రతిపాదించినవాడు జె.ఆర్.ఫర్త్ అనే ఆంగ్ల భాషాశాస్త్రవేత్త. ఆయన 1890లో జన్మించి 1960లో మరణించాడు. కొంతకాలం లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడుగా పనిచేశాడు. 1937లో మళ్ళీ మన దేశానికి వచ్చి గుజరాతీ, తెలుగు భాషలను పరిశీలించాడు. ఒక పదానికి అర్థం దాని లోపల మాత్రమే ఉండదనీ, అది ఏ పదాల పక్కన కూర్చుంటుందో అక్కడ కూడా ఉంటుందనీ ఆయన సిద్ధాంతం.

వ్యాకరణ నియమానికీ, పదసాహచర్యానికీ భేదం ఉన్నది. ‘వర్షం బరువైన’ అన్నామనుకోండి. అది విశేషణానికి ఉండవలసిన స్థానాన్నే మార్చివేసింది కనుక వ్యాకరణ దోషం. ‘బరువైన వర్షం’ అన్నప్పుడు వ్యాకరణ దోషం ఏదీ లేదు. విశేషణం ముందున్నది, విశేష్యం వెనుకనున్నది. అయినా తెలుగువాడి చెవికి అది తెలుగులా వినిపించదు. నియమం ఒప్పుకున్నా వాడుక ఒప్పుకోలేదు. పరభాష నేర్చుకొనేవారు ఎక్కువగా తడబడేది ఈ చోటనే.

‘హెవీ’ – దాని చెలికాండ్రు

‘హెవీ’ అనే విశేషణం ఆంగ్లంలో ‘ఎత్తడం’ అనే అర్థంగల క్రియకు చుట్టం. ఎత్తడానికి కష్టమైనది ఏదో అది ‘హెవీ’. ఇది మొదటి అర్థం. ‘హెవీ బ్యాగ్’, ‘హెవీ స్టోన్’ అన్నప్పుడు ఈ అర్థమే. అక్కడి నుంచి ఆ పదం నాలుగు దిక్కులకూ నడిచింది.

మొదటి దిక్కు పరిమాణం. ఎక్కువగా ఉన్నదల్లా ‘హెవీ’ అయింది. ‘హెవీ రెయిన్’, ‘హెవీ ట్రాఫిక్’, ‘హెవీ లాస్’, ‘హెవీ ఫైన్’ ఈ కోవకు చెందినవి. రెండవ దిక్కు అలవాటు. మితిమీరి చేసేవాడు ‘హెవీ’ అయినాడు. ‘హెవీ స్మోకర్’ అంటే లావుపాటి మనిషి కాడు, పొగ విపరీతంగా తాగేవాడు. ఇక్కడ బరువు మనిషిది కాదు, చేసే పనిది. మూడవ దిక్కు మనస్సు. దుఃఖంతో నిండిన గుండె ‘హెవీ హార్ట్’. నాలుగవ దిక్కు ఆకారం, శక్తి. ‘హెవీ ఇండస్ట్రీ’, ‘హెవీ వెహికల్’ అనేవి దీనికి ఉదాహరణలు.

ఇన్ని చోట్లకు వెళ్ళిన పదం కొన్ని గడపలు మాత్రం తొక్కలేదు. వాన ‘హెవీ’ కావచ్చు గాని, దానితో కలిసి వచ్చే గాలి ‘స్ట్రాంగ్’ అవుతుంది. జ్వరం ‘హై’ అవుతుంది.  కాఫీ, టీలు ‘స్ట్రాంగ్’గా ఉంటాయి. ‘హెవీ ఫీవర్’ అని వ్రాసిన విద్యార్థి భావం ఎదుటివారికి తెలుస్తుంది గాని, ఆంగ్లం తెలిసినవారు ఆ మాట అలా అనరు. గాలికీ, వానకూ, జ్వరానికీ వేర్వేరు విశేషణాలు ఎందుకు కావలసివచ్చాయని అడిగితే తర్కం చూపించే సమాధానం దొరకదు. తరతరాల వాడుక అలా స్థిరపడింది, అంతే.

తెలుగు చూపిన దారులు

ఇప్పుడు ఆ జంటలను తెలుగులో వరుసగా పరిశీలిద్దాం. 

‘హెవీ బ్యాగ్’ బరువైన సంచి. ‘హెవీ హార్ట్’ బరువెక్కిన గుండె, భారమైన హృదయం. ‘హెవీ రెయిన్’కు వార్తలలో భారీ వర్షం, ఇంటి మాటలలో జోరువాన, కుండపోత వాన. ‘హెవీ లాస్’ భారీ నష్టం. ‘హెవీ ఇండస్ట్రీ’ భారీ పరిశ్రమ. ‘హెవీ స్లీప్’ మొద్దు నిద్ర, ఒళ్ళెరుగని నిద్ర. ‘హెవీ మీల్’ కడుపునిండా భోజనం. ఒక్క ఆంగ్ల పదానికి బదులుగా బరువు, భారం, భారీ, జోరు, మొద్దు, నిండు అనే మాటలు ఒక్కొక్కటిగా ముందుకు వచ్చాయి.

వీటిలో భారం, భారీ అనే రెంటి సంగతి చిత్రమైనది. ‘భారం’ సంస్కృతం నుంచి నేరుగా తెలుగులోకి వచ్చిన తత్సమం. ‘భారీ’ అదే మూలం నుంచి పుట్టి హిందీ ద్వారా మనకు చేరిన మాట. అంటే రెండూ ఒకే ఇంటి బిడ్డలు. కాని తెలుగులోకి వచ్చిన తరువాత వాటి స్నేహాలు వేరైనాయి. భారం మనస్సుతోనూ, బాధ్యతతోనూ, అప్పుతోనూ చెలిమి చేసింది. సంసార భారం, ఋణభారం, భారమైన హృదయం అంటాము. భారీ మాత్రం సంఖ్యతోనూ, కొలతతోనూ, ప్రభుత్వ వ్యవహారంతోనూ చెలిమి చేసింది. భారీ నీటిపారుదల ప్రాజెక్టు, భారీ బందోబస్తు, భారీ మెజారిటీ, భారీ వాహనం అంటాము. ‘భారీ హృదయం’ అంటే వెంటనే నవ్వు వస్తుంది. ‘భారమైన మెజారిటీ’ అన్నా అంతే. మూలం ఒకటైనంత మాత్రాన ప్రయోగం ఒకటి కానక్కరలేదని ఈ జంట నిరూపిస్తున్నది.

మరొక విశేషం. బరువుకు వ్యతిరేక పదం తేలిక. ఆంగ్లంలో ‘లైట్ రెయిన్’ అన్నదానిని వాతావరణ వార్తలు ‘తేలికపాటి వర్షం’ అని తెలుగు చేశాయి. అది చెవికి ఇంపుగానే ఉన్నది. అయితే ‘తేలికపాటి’కి ఎదురుగా నిలవవలసిన ‘బరువైన వర్షం’ మాత్రం పుట్టలేదు. ఆ స్థానంలో ‘భారీ’ వచ్చి కూర్చున్నది. నిఘంటువులో జంటగా ఉన్న వ్యతిరేక పదాలు వాడుకలో విడిపోవడం ఇక్కడ గమనించవచ్చు.

మన్యంలో అందరికీ పరిచితమైన మరి రెండు ఉదాహరణలు చూడండి. శీతకాలపు ఉదయాలలో లంబసింగి, చింతపల్లి, జి.మాడుగుల దారులను కప్పివేసే పొగమంచును ‘దట్టమైన పొగమంచు’ అంటాము. ‘దట్టమైన’ అనే మాట అడవితోనూ, మేఘంతోనూ, పొగతోనూ కూడా కలుస్తుంది. అది ఆకాశంలో మబ్బుగా ఉన్నంతసేపూ దట్టమైనదే. అదే మబ్బు వానగా మారి నేలకు దిగగానే ఆ విశేషణం దానిని విడిచిపెడుతుంది. ఇక కాఫీ. అరకులోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ కాఫీని ‘స్ట్రాంగ్’గా ఇమ్మని ఆంగ్లంలో అడిగేవారు తెలుగులో ‘చిక్కటి కాఫీ’ అంటారు. అయితే ‘స్ట్రాంగ్’ అన్నది డికాషన్ సత్తువను తెలిపితే, ‘చిక్కటి’ అన్నది చాలామందికి పాల చిక్కదనాన్ని కూడా స్ఫురింపజేస్తుంది. హైదరాబాదులో ఇదే కోరికను ‘కడక్ చాయ్’ అని తీర్చుకుంటారు. జంట మారితే రుచి కూడా కొంత మారుతుందన్నమాట.

క్రియ మోసిన బరువు

ఆంగ్లం విశేషణంతో చేసే పనిని తెలుగు తరచుగా క్రియతోనూ, క్రియావిశేషణంతోనూ చేస్తుంది. ‘హెవీ స్మోకర్’ అన్నదానికి తెలుగులో సూటియైన విశేషణం కోసం వెదకడం వృథా శ్రమ. ‘ఆయన పొగ విపరీతంగా తాగుతాడు’ అన్నప్పుడే అది తెలుగు వాక్యం అవుతుంది. ‘దేర్ వాజ్ హెవీ రెయిన్’ అన్నదానికి ‘భారీ వర్షం ఉండెను’ అని వ్రాస్తే అది మక్కికి మక్కి. ‘వాన జోరుగా కురిసింది’ అన్నది తెలుగు.

వాన విషయంలో మన క్రియా సంపద అపారమైనది. వాన వస్తుంది, పడుతుంది, కురుస్తుంది, పట్టుకుంటుంది, దంచుతుంది. కొంచెం ఆగితే ‘తెరిపి ఇచ్చింది’ అంటాము. పూర్తిగా ఆగితే ‘వెలిసింది’ అంటాము. వానలోనూ ఎన్నో రకాలు. తుంపర, చిరుజల్లు, జడివాన, గాలివాన, వడగళ్ళవాన, ఎండావాన. రోజుల తరబడి సన్నగా కురిసేది ముసురు. ఆకాశం చిల్లుపడ్డట్లు ఒక్కసారిగా కురిసేది కుండపోత. ముసురు ‘పడుతుంది’ అనము, ‘పట్టింది’ అంటాము. కుండపోత ‘పట్టింది’ అనము, ‘కుండపోతగా కురిసింది’ అంటాము. గాలి ‘కురవదు’, ‘వీస్తుంది’. ప్రతి పేరూ తన క్రియను తానే ఎన్నుకున్నది. ‘హెవీ’ అనే ఒక్క విశేషణానికి ‘భారీ’ అనే ఒక్క విశేషణాన్ని బదులుగా పెట్టి ఊరకుంటే, ఈ సంపదనంతటినీ మనమే మూలకు నెట్టినవారమవుతాము.

ఒక విశేషణం – ఒక హెచ్చరిక

అలాగని ‘భారీ’ అనే మాటను తక్కువగా చూడరాదు. పదసాహచర్యం కొన్ని సందర్భాలలో ప్రాణరక్షణకు సంబంధించిన విషయమవుతుంది. భారత వాతావరణ శాఖ వాడే భాషలో ‘భారీ వర్షం’ అన్నది అలంకారం కాదు, కొలత. ఇరవైనాలుగు గంటలలో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్ల వరకు కురిస్తే అది భారీ వర్షం. 115.6 నుంచి 204.4 మిల్లీమీటర్ల వరకు అతి భారీ వర్షం. 204.5 మిల్లీమీటర్లు, అంతకు మించి కురిస్తే అత్యంత భారీ వర్షం. 15.6 నుంచి 64.4 వరకు ఉన్నది మోస్తరు వర్షం.

ఈ అంకెల బరువు ఎంతో తెలియాలంటే చిన్న లెక్క చేయాలి. ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు వాన కురిస్తే అది ఒక లీటరు నీరు. ఒక ఎకరం సుమారు 4047 చదరపు మీటర్లు. కనుక 64.5 మిల్లీమీటర్ల వాన ఎకరానికి సుమారు 2 లక్షల 61 వేల లీటర్ల నీటిని దించుతుంది. 204.5 మిల్లీమీటర్లయితే ఎకరానికి సుమారు 8 లక్షల 27 వేల లీటర్లు. కొండవాలుపై పడిన ఆ నీరు నిలవదు. పల్లానికి పరుగెత్తి గెడ్డలో చేరుతుంది. ఉదయం మోకాలి లోతున దాటిన గెడ్డ సాయంత్రానికి దాటరానిదవుతుంది. ఘాట్ రోడ్లపై కొండచరియలు విరిగిపడతాయి. మాడుగుల కొండలలో పుట్టే మాచ్‌ఖండ్ నదిని ఎగువన మత్స్యగెడ్డ అని పిలుస్తారు. అటువంటి గెడ్డల ఒడ్డున నివసించేవారికి ‘భారీ’, ‘అతి భారీ’, ‘అత్యంత భారీ’ అనే మూడు మాటల మధ్య తేడా చదువుకున్నవారి ముచ్చట కాదు. సంతకు వెళ్ళాలా, ఆగాలా అని తేల్చే తేడా.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. దాని ప్రభావం తీరంతో ఆగలేదు. పెనుగాలులు మన్యం మీదికి కూడా వచ్చి, కాఫీ తోటలకు నీడనిచ్చే వృక్షాలను పెద్ద ఎత్తున కూల్చివేశాయి. ఇటువంటి విపత్తు వేళ రేడియోలోనో, చరవాణిలోనో వినిపించే హెచ్చరిక వినేవానికి అర్థమయ్యే మాటల జంటగా ఉండాలి. ‘అత్యంత భారీ వర్షం’ అన్నమాట ఒక కొండగూడెంలోని వృద్ధురాలికి ‘పెద్ద వాన’గా మాత్రమే వినిపించవచ్చు. ఆమె ఎన్నో పెద్ద వానలు చూసింది కనుక ‘ఇదీ ఒక వానే’ అనుకోవచ్చు. ఆ ఇంట్లో ఇంటర్మీడియట్ చదివే మనవరాలు ఉంటే, ‘అమ్మమ్మా, ఇది రోజూ వచ్చే వాన కాదు. గెడ్డ పొంగుతుంది. మేకలను ఇవాళ అవతలి ఒడ్డుకు తోలవద్దు’ అని చెప్పగలుగుతుంది. ఆమె చేసినది కూడా అనువాదమే. ఒక విశేషణానికి మరొక విశేషణం వెదకడం మాత్రమే అనువాదం కాదు. ఒకరి భాషలోని ప్రమాదాన్ని మరొకరి భాషలోని ప్రమాదంగా వినిపించడం అసలైన అనువాదం.

మూడు భాషల ముంగిట

జి.మాడుగుల ప్రాంతంలో భగతలు, కొండదొరలు, ఖోండులు, వాల్మీకులు మొదలైన ఆదివాసీ సముదాయాలవారు నివసిస్తున్నారు. కొన్ని ఇళ్ళలో తెలుగు, కొన్నింటిలో ఆదివాసీ ఒడియా, మరికొన్నింటిలో కువి భాష వినిపిస్తాయి. కువి, కోండ భాషలు తెలుగుతోపాటు ద్రావిడ కుటుంబంలోని ఒకే ఉపశాఖకు చెందినవి. ఆదివాసీ ఒడియా ఇండో-ఆర్య కుటుంబానికి చెందినది. అందువల్ల ఇక్కడి విద్యార్థికి తెలుగే ఒక్కొక్కప్పుడు రెండవ భాష. ఆంగ్లం మూడవది.

అటువంటి విద్యార్థి ‘బరువైన వర్షం’ అని వ్రాస్తే దానిని తెలివితక్కువతనంగా భావించరాదు. మూడు భాషల పదాలకు మూడు రకాల చెలిమి ఉంటుంది. ఒక భాషలోని జంటను మరొక భాషలోకి తీసుకొనిపోవడం మనస్సు సహజంగా చేసే పని. ఒక్కొక్కసారి ఈ బహుభాషా పరిచయం లాభం కూడా చేస్తుంది. ఒడియాలో ‘భారి’ అనే మాట ‘బరువైన’ అనే అర్థంలోనే కాక, ‘చాలా’ అనే అర్థంలోనూ వాడుకలో ఉన్నది. ఒడియా చెవిన పడిన విద్యార్థికి తెలుగు వార్తలలోని ‘భారీ’ కొత్త చుట్టంలా కాక పాత పరిచయంలా తోచవచ్చు.

మన్యం భాషలను శ్రద్ధతో విన్న పండితులు మనకు ఉన్నారు. వ్యావహారిక భాషోద్యమ నాయకుడు గిడుగు వేంకట రామమూర్తి పర్లాకిమిడి ప్రాంతంలో సవర భాష నేర్చుకొని, ఆ భాషకు వాచకాలూ, నిఘంటువూ సమకూర్చాడు. ఆయన సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడింది. భద్రిరాజు కృష్ణమూర్తి కోండ భాషపై పరిశోధన చేసి, 1969లో ఆ భాషకు సమగ్రమైన వర్ణన గ్రంథాన్ని ప్రకటించాడు. ఆయన సంపాదకత్వంలోనే 1962లో వ్యవసాయ పదాల మాండలిక వృత్తిపదకోశం వెలువడింది. రైతుల నోటి నుంచి నేరుగా సేకరించిన మాటలు అందులో చేరాయి. ఈ పెద్దలు చేసిన పనిలోని సారం ఒక్కటే. మాటను దాని ఇంటికి వెళ్ళి, దాని తోడుతో సహా వినాలి.

మన ఇంటి జంటలు

పదసాహచర్యం ఆంగ్లం నేర్చుకోవడానికి మాత్రమే పనికివచ్చే విషయం కాదు. మన భాషను మనం కొత్తగా చూడడానికి కూడా ఇది సాధనం. ‘పచ్చి’ అనే విశేషణాన్ని తీసుకోండి. పచ్చి పాలు కాచనివి. పచ్చి కాయ పండనిది. పచ్చి కట్టె ఆరనిది. పచ్చి పుండు మాననిది. పచ్చి బాలింత ఇటీవలే ప్రసవించినది. ఇంతవరకు ‘ఇంకా మారని స్థితి’ అనే అర్థం కనిపిస్తున్నది. పచ్చి నిజం, పచ్చి అబద్ధం, పచ్చి మోసం అన్నప్పుడు మాత్రం ‘ఏ ముసుగూ లేని’, ‘పూర్తి’ అనే అర్థం. నిజానికీ, అబద్ధానికీ ఒకే విశేషణం తోడుకావడం విచిత్రమే అయినా తెలుగువారికి అందులో వింత కనిపించదు. తెలుగు నేర్చుకొనే ఒక ఆంగ్లేయుడు మన ‘పచ్చి’ ముందు నిలబడి తికమకపడడం, మనం ‘హెవీ’ ముందు తికమకపడడం వంటిదే.

‘కటిక’ అనే మాట మరీ ఎంపికగా స్నేహం చేస్తుంది. కటిక చీకటి, కటిక పేదరికం, కటిక నేల, కటిక ఉపవాసం. ఈ నాలుగింటిలోనూ ఏదో ఒక లేమి ఉన్నది. వెలుగు లేదు, ధనం లేదు, పరుపు లేదు, ఆహారం లేదు. కనుకనే ‘కటిక సంపద’ అనీ, ‘కటిక వెన్నెల’ అనీ ఎవరూ అనరు. ఇలా జంటలను ఒకచోట పేర్చి చూస్తే, నిఘంటువు చెప్పని అర్థం బయటపడుతుంది.

కొన్ని మాటలు ఒకే ఒక్క తోడుతో జీవితమంతా గడుపుతాయి. చీకటి పక్కన తప్ప ‘చిమ్మ’ కనిపించదు. వ్యాకరణంలో మీరు చదువుకున్న పట్టపగలు, నట్టనడుమ, కట్టకడ, మిట్టమధ్యాహ్నం అనే ఆమ్రేడిత రూపాలు కూడా ఇటువంటివే. పగలుకు ‘పట్ట’, నడుముకు ‘నట్ట’ తోడు. వాటిని తారుమారు చేసి ‘నట్టపగలు’ అనలేము. ఇక్కడ పదసాహచర్యం సంధి సూత్రంగానే స్థిరపడిపోయింది.

కొత్త జంటలు కూడా పుడుతూనే ఉంటాయి. ‘అతి భారీ’ అన్నదానినే చూడండి. ‘అతి’ సంస్కృత ఉపసర్గ, ‘భారీ’ హిందీ నుంచి వచ్చినది. సంస్కృత పదాన్ని అన్యభాషా పదంతో జతచేయడాన్ని పూర్వ లాక్షణికులు మెచ్చరు. అయినా ప్రతి వర్షాకాలంలోనూ వినిపించే ఆ జంటను ఇప్పుడు విడదీయగలవారు లేరు. అవసరం పెండ్లిపెద్దగా నిలిచి ఆ రెండింటినీ ముడివేసింది.

నేర్చుకొనే విధానం

పదాల చెలిమిని కంఠస్థం చేయడం కష్టం. గమనించడం సులభం. విద్యార్థులు మూడు అలవాట్లు చేసుకోవడం మంచిది. మొదటిది, కొత్త పదాన్ని ఒంటరిగా వ్రాసుకోరాదు. ‘హెవీ – బరువైన’ అని కాక, ‘హెవీ రెయిన్ – జోరువాన, భారీ వర్షం’ అని జంటగా వ్రాసుకోవాలి. రెండవది, అనువాదం చేసేటప్పుడు పదం నుంచి పదానికి కాక, భావం నుంచి వాక్యానికి వెళ్ళాలి. ‘ఈ సందర్భంలో మా ఇంట్లో ఏమంటారు?’ అని తనను తాను ప్రశ్నించుకోవాలి. మూడవది, ఇంటి పెద్దల మాటలను వినాలి. వానను గురించీ, పంటను గురించీ, జబ్బును గురించీ వారు వాడే జంటలు పుస్తకాలలో దొరకకపోవచ్చు. వాటిని నోటు పుస్తకంలోకి ఎక్కించుకున్న విద్యార్థి తన భాషకు తానే ఒక చిన్న నిఘంటుకర్త అవుతాడు.

ముగింపు

మళ్ళీ ఆ తరగతి గదికి వద్దాం. వాన ఇంకా వెలియలేదు. అధ్యాపకుడు నల్లబల్ల మీద ఉన్న ‘హెవీ రెయిన్’ కింద గీత గీసి, ‘మీ మీ ఇళ్ళలో దీనిని ఏమంటారో చెప్పండి’ అన్నాడు. ఒకరు జోరువాన అన్నారు. ఒకరు కుండపోత అన్నారు. వెనుక వరుసలోని ఒక విద్యార్థి సంకోచిస్తూ తన తల్లిభాషలోని మాట చెప్పాడు. అంతవరకు ఆ మాట తరగతి గదిలో వినిపించి ఎరుగదు. ఈసారి ఎవరూ నవ్వలేదు. అధ్యాపకుడు ఆ మాటను కూడా తెలుగు లిపిలో మిగిలిన వాటి పక్కనే వ్రాశాడు.

ఒక భాషను నేర్చుకోవడమంటే దాని పదాలను లెక్కపెట్టుకోవడం కాదు, వాటి చుట్టరికాలను తెలుసుకోవడం. పరాయి మాట మన ముంగిటికి వచ్చినప్పుడు దానికి తగిన తోడును మన ఇంట్లోనే వెదకగలిగితే, వచ్చిన మాటకూ గౌరవం, ఉన్న మాటకూ గౌరవం.

కఠిన పదాలు – అర్థాలు

సాహచర్యం = కలిసి ఉండడం, తోడు
విశేష్యం = విశేషణం చేత వర్ణింపబడే పదం
తత్సమం = సంస్కృత, ప్రాకృత పదాలతో సమానంగా తెలుగులో వాడే పదం
ముసురు = ఎడతెగని సన్నని వాన
తెరిపి = వాన కొంతసేపు ఆగడం
గెడ్డ = కొండవాగు
లాక్షణికులు = వ్యాకరణ లక్షణాలను నిర్ణయించినవారు
చరవాణి = సెల్‌ఫోన్
మక్కికి మక్కి = ఉన్నది ఉన్నట్లుగా, యథాతథంగా

ప్రశ్నలు

అ) క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. ‘హెవీ’ అనే విశేషణానికి తెలుగులో ఒకే సమానార్థకం ఎందుకు సరిపోదో ఉదాహరణలతో వివరించండి.
2. వాతావరణ హెచ్చరికలలో పదసాహచర్యానికి గల ప్రాముఖ్యాన్ని మన్యం ప్రాంతాన్ని ఆధారంగా చేసుకొని చర్చించండి.

ఆ) క్రింది ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. వ్యాకరణ దోషానికీ, పదసాహచర్య దోషానికీ గల భేదమేమిటి?
2. ‘భారం’, ‘భారీ’ అనే పదాల ప్రయోగ భేదాన్ని తెలపండి.
3. ‘కటిక’ అనే విశేషణం ఎటువంటి పదాలతో కలుస్తుంది? ఎందుకు?

ఇ) క్రింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు వ్రాయండి.
1. మీ ఇద్దరూ అర్థం తెలియక తప్పు చేయలేదు.
2. మేకలను ఇవాళ అవతలి ఒడ్డుకు తోలవద్దు.

ఈ) భాషాభ్యాసం
1. ‘నిండు’ అనే విశేషణం చేరే ఐదు పదాలు సేకరించి, ప్రతిదానినీ సొంత వాక్యంలో ప్రయోగించండి.
2. మీ ఇంట్లో, మీ ఊరిలో వానకు సంబంధించి వాడే పదాలను పెద్దలను అడిగి పట్టికగా వ్రాయండి. ప్రతి పదం పక్కన అది కోరుకునే క్రియను చేర్చండి.